జీవవైవిధ్యంపై దేశాల ప్రోగ్రెస్ కార్డు: పరీక్ష రాసేదీ వాళ్లే, దిద్దేదీ వాళ్లే.. మరి అసలు లెక్క తేలేదెలా?

హైదరాబాద్‌లో 'బయోడైవర్సిటీ' అన్న మాట వినగానే చాలామందికి గుర్తొచ్చేది గచ్చిబౌలి వైపు ట్రాఫిక్ జామ్. క్యాబ్ బుక్ చేసుకుని 'బయోడైవర్సిటీ దగ్గర ఉన్నా' అంటే చాలు, డ్రైవర్‌కి ఇంకేమీ చెప్పక్కర్లేదు. ఆ జంక్షన్‌కు ఆ పేరు పక్కనున్న పార్కు వల్ల వచ్చింది. ఆ పార్కేమో 2012లో నగరంలో జరిగిన ఐక్యరాజ్యసమితి జీవవైవిధ్య సదస్సుకు గుర్తుగా మిగిలింది.

2012 అక్టోబర్ 8 నుంచి 19 వరకు హెచ్‌ఐసీసీలో ఆ సదస్సు జరిగింది. పేరు కాప్-11. ప్రపంచ దేశాల ప్రతినిధులు వచ్చారు, చర్చించారు, కొన్ని హామీలు ఇచ్చి వెళ్లారు. పార్కు ఉంది, ఫ్లైఓవర్ వచ్చింది, జంక్షన్ పేరు జనం నోట్లో స్థిరపడిపోయింది. మరి ఆ హామీల సంగతేంటి? ఏ దేశం ఎంత చేసిందో ఎవరు చూస్తారు? చేయకపోతే ఎవరు అడుగుతారు?

అడవులు, చెరువులు, సముద్రాలు, పక్షులు, పురుగుల గురించి దేశాలు ఇచ్చే మాటలను లెక్కగట్టడానికి పెద్ద యంత్రాంగమే ఉంది. అది ఎలా పనిచేస్తుంది, ఎక్కడ తేలిపోతోంది, 2022 తర్వాత ఏం మారింది.. వివరంగా చూద్దాం.

అసలు ఒప్పందం ఏంటి?

1992 జూన్‌లో బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో ధరిత్రీ సదస్సు జరిగింది. అక్కడే సంతకాలకు వచ్చిన ఒప్పందాల్లో ఒకటి జీవవైవిధ్య ఒడంబడిక. 1993 డిసెంబర్ 29 నుంచి అమల్లోకి వచ్చింది. భారత్ 1994 ఫిబ్రవరిలో ఆమోదించింది. ఇప్పుడు ఇందులో యూరోపియన్ యూనియన్‌తో కలిపి 196 సభ్యులున్నారు. ఐరాస సభ్యదేశాల్లో దీన్ని ఆమోదించనిది అమెరికా ఒక్కటే. ఒప్పందం మీద సంతకం అయితే చేసింది కానీ, సెనేట్ ఆమోదం ఇప్పటికీ రాలేదు.

ఈ ఒడంబడికలో లెక్కకు సంబంధించిన ఆర్టికల్స్ ప్రధానంగా రెండు. ఆరో ఆర్టికల్ ప్రకారం ప్రతి దేశం తన జీవవైవిధ్య వ్యూహం, కార్యాచరణ ప్రణాళిక రాసుకోవాలి. ఇరవై ఆరో ఆర్టికల్ ప్రకారం ఆ ప్రణాళిక ఎంతవరకు వచ్చిందో ఎప్పటికప్పుడు రిపోర్ట్ ఇవ్వాలి. ప్లాన్ రాసేది దేశమే, ఎంత చేశామో చెప్పేదీ దేశమే. కెనడాలోని మాంట్రియల్‌లో ఉన్న సచివాలయం ఆ రిపోర్టులన్నీ తీసుకుని, కలిపి, ప్రపంచం మొత్తం మీద పరిస్థితి ఇదీ అని ఒక పెద్ద నివేదిక విడుదల చేస్తుంది.

రెండు డెడ్‌లైన్లు.. రెండూ తప్పాయి

మొదటి డెడ్‌లైన్ 2010. జీవజాతులు, ఆవాసాలు నశించే వేగాన్ని అప్పటికల్లా గణనీయంగా తగ్గిస్తామని 2002 ఏప్రిల్‌లో ది హేగ్‌లో దేశాలు ఒప్పుకున్నాయి. 'గణనీయంగా' అంటే ఎంత? ఎక్కడి నుంచి కొలవాలి? ఆ మాటకు కచ్చితమైన కొలత లేదు. 2010లో లెక్క చూస్తే టార్గెట్ అందలేదు. దాని కింద పెట్టుకున్న 21 ఉప లక్ష్యాల్లో ఒక్కటి కూడా ప్రపంచ స్థాయిలో నెరవేరిందని గట్టిగా చెప్పలేమని సచివాలయం నివేదికే తేల్చింది. టార్గెట్‌ను పూర్తిగా సాధించామని ఏ ఒక్క ప్రభుత్వమూ చెప్పుకోలేదు. ఆ నిజాయితీ మాత్రం మెచ్చుకోవాలి.

రెండోసారి జాగ్రత్తపడ్డారు. 2010 అక్టోబర్‌లో జపాన్‌లోని నగోయాలో 20 లక్ష్యాలు పెట్టుకున్నారు. నగోయా ఉన్న రాష్ట్రం పేరు ఐచి కాబట్టి వాటిని ఐచి లక్ష్యాలు అంటారు. ఈసారి అంకెలు కూడా చేర్చారు. నేలలో 17 శాతం, సముద్రంలో 10 శాతం రక్షిత ప్రాంతాలుగా ఉండాలి. అడవులు, ఇతర సహజ ఆవాసాలు పోయే వేగం కనీసం సగానికి తగ్గాలి. గడువు 2020.

2020 సెప్టెంబర్‌లో ఫలితం వచ్చింది. 20లో పూర్తిగా సాధించినవి సున్నా. ఆరు మాత్రం పాక్షికంగా అయ్యాయి. ఈ 20 లక్ష్యాలను 60 చిన్న అంశాలుగా విడగొట్టి చూస్తే 7 పూర్తయ్యాయి, 38లో కొంత పురోగతి కనిపించింది, 13లో కదలికే లేదు లేదా వెనక్కి వెళ్లాయి. మిగిలిన రెండింటి పరిస్థితి ఏంటో తెలియనే లేదు.

పాక్షికంగా అయిన ఆ ఆరు ఏవో చూస్తే అసలు విషయం అర్థమవుతుంది. రక్షిత ప్రాంతాల విస్తీర్ణం, జన్యువనరులపై నగోయా ప్రోటోకాల్ అమల్లోకి రావడం, జాతీయ ప్రణాళికలు రాయడం, శాస్త్రీయ సమాచారం పెంచడం, నిధులు, బయటి నుంచి వచ్చిపడే మొక్కలు, జంతువుల నియంత్రణ. వీటిలో ఎక్కువ భాగం ప్రభుత్వం ఒక జీవో ఇస్తేనో, మ్యాప్ మీద గీత గీస్తేనో, ఒక పత్రం రాస్తేనో లెక్కలోకి వచ్చేవి. అడవి నిజంగా నిలిచిందా, జాతులు అంతరించడం ఆగిందా అనే లక్ష్యాలు మాత్రం ఈ ఆరింటిలో లేవు.

ఆ ప్రణాళికల సంగతైనా సకాలంలో జరిగిందా అంటే అదీ లేదు. 2015 డిసెంబర్ గడువు నాటికి కొత్త ప్రణాళిక ఇచ్చిన దేశాలు 69 మాత్రమే. మిగతావి తర్వాత నెమ్మదిగా ఇస్తూ వచ్చాయి. 2020 నాటికి ఆ సంఖ్య 170కి చేరింది. పదేళ్ల పరీక్షకు సగం దేశాలు సగం టైమ్ అయిపోయాక కూడా సిలబస్ రాసుకుంటూనే ఉన్నాయన్నమాట.

దేశాల లెక్కలో పాస్.. ప్రపంచం లెక్కలో ఫెయిల్

ఇక్కడే ఒక చిక్కుముడి ఉంది. దేశాలు పంపిన రిపోర్టులను కలిపి చూస్తే, తమ జాతీయ లక్ష్యాల్లో 34 శాతం అనుకున్నట్టే సాగుతున్నాయని, ఇంకో 3 శాతం అనుకున్నదానికంటే మించుతాయని రాశాయి. సగం లక్ష్యాల్లో పురోగతి ఉంది కానీ వేగం చాలదన్నాయి. ఏమీ కదల్లేదని చెప్పినవి 11 శాతం. వెనక్కి వెళ్తున్నాయని ఒప్పుకున్నది 1 శాతమే.

అంటే దేశాల మాట ప్రకారం మూడోవంతుకు పైగా టార్గెట్లు ఓకే. ప్రపంచం మొత్తం కలిపితే మాత్రం సున్నా. ఎవరో అబద్ధం చెప్పారనుకోవాల్సిన పనిలేదు. జాతీయ లక్ష్యాల్లో ఐచి లక్ష్యాలకు సరిగ్గా సరిపోయేవి 23 శాతమే అని అదే నివేదిక చెప్పింది. ప్రపంచం 'ఆవాసాల నష్టం సగానికి తగ్గాలి' అంటే, ఒక దేశం 'ఆవాసాల నష్టంపై అవగాహన కార్యక్రమాలు పెడతాం' అని రాసుకోవచ్చు. పెట్టేస్తుంది. టిక్ పడిపోతుంది. ఐచి లక్ష్యానికి దగ్గరగా ఉండి, పైగా అనుకున్నట్టు సాగుతున్న జాతీయ లక్ష్యాలు ఎన్ని అని చూస్తే దాదాపు పదోవంతే మిగిలాయి.

క్వశ్చన్ పేపర్ ఎవరికి వారే తయారు చేసుకుంటే అందరూ పాసవుతారు, కానీ ఆ మార్కులన్నీ కూడితే ఏ అర్థమూ ఉండదు. పదేళ్ల ఐచి అనుభవం మిగిల్చింది ఇదే.

హైదరాబాద్‌లో ఇచ్చిన మాట ఏమైంది?

కాప్-11 ప్రధానంగా డబ్బు చుట్టూ తిరిగింది. నగోయాలో లక్ష్యాలు పెట్టుకున్నారు, వాటికి ఖర్చు ఎవరు భరించాలన్నది హైదరాబాద్‌కు వాయిదా పడింది. రెండు వారాల బేరసారాల తర్వాత కుదిరింది ఇదీ: అభివృద్ధి చెందుతున్న దేశాలకు జీవవైవిధ్యం కోసం అంతర్జాతీయంగా వెళ్లే నిధులను 2015 నాటికి రెట్టింపు చేయాలి. 2006 నుంచి 2010 వరకు ఏటా సగటున ఎంత వెళ్లిందో దాన్ని ప్రాతిపదికగా తీసుకోవాలి. ఆ స్థాయిని 2020 వరకు నిలబెట్టాలి. అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ 'హైదరాబాద్ ప్లెడ్జ్' పేరుతో భారత్ తరఫున 5 కోట్ల డాలర్లు ప్రకటించారు.

దీంట్లో కొలిచేందుకు ఒక ప్రాతిపదిక ఉంది, ఒక అంకె ఉంది, ఒక తేదీ ఉంది. ఐచి లక్ష్యాలు చాలావాటికి లేని సౌకర్యం ఇది. అంతేకాదు, కనీసం 75 శాతం దేశాలు తాము సొంతంగా జీవవైవిధ్యంపై ఎంత ఖర్చు పెడుతున్నాయో, ఇంకా ఎంత కావాలో 2015కల్లా చెప్పాలని కూడా అక్కడే రాసుకున్నారు. డబ్బు అడిగేవాళ్లు తమ ఖర్చుల లెక్క చూపాలి, ఇచ్చేవాళ్లు ఇచ్చిన లెక్క చూపాలి.

2020 నివేదికలో దీనికి జవాబు దొరుకుతుంది. అంతర్జాతీయ నిధులు దాదాపు రెట్టింపయ్యాయని అందులో ఉంది. ఒక్క లక్ష్యమూ పూర్తవని ఆ పదేళ్లలో ఇది చెప్పుకోదగ్గ విషయమే. కానీ వెంటనే ఇంకో వాక్యం కూడా ఉంది. అన్ని రకాల నిధులనూ కలిపి చూసినా అవసరానికి చాలవు. పైగా, ప్రకృతికి నష్టం చేసే పనులకు దేశాలు ఇచ్చే సబ్సిడీల ముందు ఈ మొత్తం చాలా చిన్నది. కొత్త ఒప్పందంలో అలాంటి సబ్సిడీలను 2030 నాటికి ఏటా కనీసం 50 వేల కోట్ల డాలర్లు తగ్గించాలని పెట్టుకున్నారంటే, అసలు మొత్తం ఎంతుంటుందో ఊహించుకోవచ్చు.

2022: మూడో ప్రయత్నం

2022 డిసెంబర్ 19న మాంట్రియల్‌లో, చైనా అధ్యక్షతన జరిగిన కాప్-15లో కొత్త ఒప్పందం కుదిరింది. దాని పేరు కున్‌మింగ్-మాంట్రియల్ ప్రపంచ జీవవైవిధ్య ప్రణాళిక. 2050కి నాలుగు పెద్ద లక్ష్యాలు, 2030కి 23 టార్గెట్లు. అందరికీ తెలిసినది '30 బై 30'. అంటే 2030కల్లా నేలలో 30 శాతం, సముద్రంలో 30 శాతం రక్షణలోకి రావాలి. పురుగుమందుల వల్ల వచ్చే ముప్పు సగానికి తగ్గాలి, ఆహార వృథా సగానికి తగ్గాలి, అన్ని వైపుల నుంచీ కలిపి ఏటా 20 వేల కోట్ల డాలర్లు సమకూర్చాలి.. ఇలా ఇంకా చాలా ఉన్నాయి.

వార్తల్లో ఈ అంకెలే ఎక్కువగా వచ్చాయి. వాటి పక్కనే పెద్దగా ఎవరూ పట్టించుకోని మరో రెండు నిర్ణయాలు జరిగాయి. ఒకటి ఎలా కొలవాలి అన్నది, రెండోది ఎలా సమీక్షించాలి అన్నది. ఐచి లక్ష్యాలతో పోలిస్తే అసలు తేడా వీటిలోనే ఉంది. నగోయాలో ముందు లక్ష్యాలు పెట్టుకుని, కొలతల గురించి ఏళ్ల తర్వాత తీరిగ్గా ఆలోచించారు. ఈసారి లక్ష్యాలతో పాటే కొలబద్దను కూడా టేబుల్ మీద పెట్టారు.

కొత్త పద్ధతి ఇలా ఉంటుంది. ప్రతి దేశం తన ప్రణాళికను 23 టార్గెట్లకు సరిపోయేలా కాప్-16 లోపు మార్చుకోవాలి. కుదరకపోతే కనీసం జాతీయ లక్ష్యాలనైనా పంపాలి. అందరికీ ఒకే నమూనా ఉంటుంది. ఏ జాతీయ లక్ష్యం ఏ ప్రపంచ టార్గెట్‌కు సంబంధించిందో అందులోనే చెప్పాలి. తర్వాత రెండుసార్లు జాతీయ నివేదిక ఇవ్వాలి. ఒకటి 2026 ఫిబ్రవరి 28 లోపు, రెండోది 2029 జూన్ 30 లోపు. వీటి ఆధారంగా 2026లో కాప్-17లో ఒకసారి, 2030లో కాప్-19లో మరోసారి ప్రపంచ సమీక్ష జరుగుతుంది. మధ్యలో ఒకసారి ఆగి చూసుకోవడం వల్ల చివర్లో సున్నా చూసి షాక్ తినే పరిస్థితి తప్పాలన్నది ఆలోచన.

నివేదికలో ప్రతి దేశం తప్పకుండా చెప్పాల్సిన కొన్ని ప్రధాన సూచికలు ఉన్నాయి. రక్షిత ప్రాంతాల శాతం వాటిలో ఒకటి. సహజ ఆవాసాల విస్తీర్ణం ఇంకొకటి. రెడ్ లిస్ట్ సూచీ మరొకటి. ఇది 0 నుంచి 1 మధ్య ఉంటుంది. 1 అంటే ఏ జాతికీ ప్రస్తుతానికి ముప్పు లేదని, 0 అంటే అన్నీ అంతరించిపోయాయని అర్థం. అంకెల్లో కొలవలేని వాటికి అవును, కాదు అని జవాబిచ్చే ప్రశ్నలు పెట్టారు. కంపెనీలు ప్రకృతి మీద తమ ప్రభావాన్ని బయటపెట్టేలా మీ దేశంలో చట్టపరమైన చర్యలున్నాయా, ఇలాంటివి.

చూడ్డానికి సింపుల్‌గా ఉన్నా వీటి వెనుక చాలా గొడవ ఉంది. 'సహజ ఆవాసం' అంటే ఏంటి? మన దేశంలో ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా లెక్క ప్రకారం ఒక హెక్టారుకు పైబడిన స్థలంలో చెట్ల నీడ 10 శాతం దాటితే అది అటవీ విస్తీర్ణం కిందికి వస్తుంది. యజమాని ఎవరు, చెట్టు ఏ రకం అన్నది చూడరు. అంటే నూజివీడు వైపు గుబురుగా పెరిగిన మామిడి తోట కూడా శాటిలైట్ ఫొటోలో ఆకుపచ్చగానే పడుతుంది. తోటను, నల్లమల అడవిని ఒకే గాటన కట్టే లెక్కతో జీవవైవిధ్యం గురించి ఏం చెప్పగలం? అందుకే కొత్త సూచికలో 'సహజ' అన్న మాట చేర్చారు. ఆ మాటను ప్రతి దేశం ఎలా అర్థం చేసుకుంటుందన్నదే ఇప్పుడు ప్రశ్న.

రోళ్లపాడు చెప్పే కథ

విస్తీర్ణం లెక్క ఎందుకు సరిపోదో తెలుసుకోవాలంటే దూరం వెళ్లక్కర్లేదు. నంద్యాల జిల్లాలో రోళ్లపాడు అభయారణ్యం ఉంది. 1988లో, అప్పటి కర్నూలు జిల్లాలో ఏర్పాటైంది. విస్తీర్ణం 614 హెక్టార్లు. పెద్ద చెట్లుండవు, చూస్తే ఖాళీ గడ్డినేలలా ఉంటుంది. అసలు దాన్ని అభయారణ్యం చేసిందే బట్టమేక పిట్ట కోసం. మనిషి నడుము ఎత్తు పైన ఉండే భారీ పక్షి అది. గడ్డినేలలోనే బతుకుతుంది, నేల మీదే గుడ్డు పెడుతుంది.

రోళ్లపాడు ఇప్పటికీ అభయారణ్యమే. కృష్ణజింకలు ఉన్నాయి, తోడేళ్లు ఉన్నాయి. బట్టమేక పిట్ట మాత్రం లేదు. ఏళ్లుగా అక్కడ కనిపించలేదు. చుట్టూ సాగు పద్ధతులు మారాయి, పక్షి మేసే మెట్ట పొలాలు, బీళ్లు తగ్గిపోయాయి. అభయారణ్యం గీత లోపల ఎంత కాపాడినా పక్షికి ఆ గీత తెలియదు కదా. ఇప్పుడు దేశం మొత్తం మీద అడవిలో మిగిలినవి 150 లోపేనని అంచనా. వాటిలో ఎక్కువ రాజస్థాన్‌లోని జైసల్మేర్ ప్రాంతంలోనే ఉన్నాయి.

ఇప్పుడు రిపోర్ట్ కార్డు దృష్టితో చూడండి. '30 బై 30' లెక్కలో రోళ్లపాడు 614 హెక్టార్లు ఒక్క గజం కూడా తగ్గలేదు. 1988లో ఎంతో ఇప్పుడూ అంతే. రెడ్ లిస్ట్ సూచీలో మాత్రం బట్టమేక పిట్ట అత్యంత ప్రమాదంలో ఉన్న జాతి. ఒకే చోటు, ఒకే పక్షి. ఒక కాలమ్‌లో ఫుల్ మార్కులు, ఇంకో కాలమ్‌లో దాదాపు సున్నా. రెండు కాలమ్‌లూ పక్కపక్కన పెట్టి అడిగినప్పుడే అసలు పరిస్థితి తెలుస్తుంది. 2022 తర్వాతి పద్ధతి కనీసం ఆ రెండో కాలమ్‌ను కూడా తప్పనిసరి చేసింది.

ప్రపంచ స్థాయిలోనూ ఇదే తీరు. 2024లో వచ్చిన ప్రొటెక్టెడ్ ప్లానెట్ నివేదిక ప్రకారం నేలలో 17.6 శాతం, సముద్రంలో 8.4 శాతం రక్షణలో ఉన్నాయి. 2030కి రెండూ 30కి చేరాలి. సముద్రం సంగతైతే మూడు రెట్లకు పైగా పెరగాలి. ఇంత తక్కువ టైమ్‌లో అంకె పెంచడానికి సులువైన దారి ఏంటంటే ఎవరికీ పెద్దగా అక్కర్లేని చోట గీత గీసేయడం. అలా జరగకూడదనే ఒప్పందంలో 'జీవవైవిధ్యానికి ముఖ్యమైన ప్రాంతాలు' అని, 'సమర్థంగా నిర్వహించాలి' అని రాశారు. కానీ గీత గీయడం ఒక రోజు పని. సమర్థంగా నిర్వహిస్తున్నారో లేదో చూడాలంటే ఏళ్ల తరబడి ఫీల్డ్‌లో ఉండాలి.

భారత్ కార్డు ఎలా ఉంది?

ఐచి లక్ష్యాలపై భారత్ తన ఆరో జాతీయ నివేదికను 2018 డిసెంబర్‌లో ఇచ్చింది. అప్పటికి చాలా దేశాలు ఇంకా పంపనే లేదు. దేశానికి 12 జాతీయ లక్ష్యాలు ఉండేవి. వాటిలో రెండింటిని మించిపోయామని, ఎనిమిది అనుకున్నట్టే సాగుతున్నాయని, మిగతా రెండింటి కోసం ప్రయత్నిస్తున్నామని అందులో ఉంది. జీవవైవిధ్యంపై నేరుగా, పరోక్షంగా ఏటా సుమారు 70 వేల కోట్ల రూపాయలు ఖర్చవుతోందని, అవసరం మాత్రం దాదాపు లక్షా 9 వేల కోట్లని కూడా చెప్పింది. హైదరాబాద్‌లో దేశాలు ఒప్పుకున్న 'మీ ఖర్చు, మీ లోటు చెప్పండి' అన్న మాటకు ఇది సూటి జవాబు.

అదే నివేదికలో దేశ విస్తీర్ణంలో 20 శాతానికి పైగా జీవవైవిధ్య సంరక్షణ కింద ఉందని, ఐచి 17 శాతాన్ని దాటేశామని ఉంది. కానీ జాతీయ పార్కులు, అభయారణ్యాలు లాంటి చట్టబద్ధ రక్షిత ప్రాంతాలు చూస్తే దేశ విస్తీర్ణంలో సుమారు 5 శాతమే. మిగతాది ఇతర అటవీ ప్రాంతాల్లాంటివి కలిపితే వచ్చేది. అలా కలపడానికి ఒప్పందం కూడా ఒప్పుకుంటుంది. అభయారణ్యం కాకపోయినా ప్రకృతి నిజంగా నిలిచి ఉన్న చోట్లను ఓఈసీఎం అనే పేరుతో లెక్కలో చేర్చొచ్చు. ఊరి దేవరకాడు, పక్షులు వాలే చెరువు, బాగా చూసుకుంటున్న ఉమ్మడి భూమి ఇందులోకి వస్తాయి. ఇది మంచి ఆలోచనే. అయితే ఏది చేర్చారు, ఏ ఆధారంతో చేర్చారు అన్నది బయటపెట్టకపోతే, 5 ఎప్పుడు 20 అయిందో, 20 ఎప్పుడు 30 అవుతుందో చదివేవాళ్లకు తెలియదు.

2024 అక్టోబర్ చివర్లో, కొలంబియాలోని కాలీ నగరంలో కాప్-16 జరుగుతుండగా భారత్ తన కొత్త ప్రణాళికను విడుదల చేసింది. ఈసారి జాతీయ లక్ష్యాలు 23. ప్రపంచ టార్గెట్లు ఎన్నో ఇవీ అన్నే. పాత 12కీ ఐచి 20కీ మధ్య ఉన్న పొంతన సమస్య కనీసం కాగితం మీద పోయింది.

ఇంకో విషయం భారత్‌కు ప్రత్యేకం. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో ఒక జీవవైవిధ్య నిర్వహణ కమిటీ ఉండాలి. పంచాయతీ నుంచి కార్పొరేషన్ దాకా. దేశంలో ఇలాంటి కమిటీలు 2.7 లక్షలకు పైగా ఉన్నాయి. ఊళ్లోని మొక్కలు, పశువులు, విత్తనాలు, వాటి గురించి పెద్దలకు తెలిసిన విషయాలు ఒక రిజిస్టర్‌లో రాయడం వాళ్ల పని. మీ పంచాయతీలో కూడా ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని అడిగి చూసినవాళ్లు ఎంతమంది? కమిటీల సంఖ్య నివేదికలో గట్టిగా కనిపించే అంకె. రిజిస్టర్‌లో ఏం రాశారు, దాన్ని పట్టుకుని ఎవరైనా ఒక చెరువును కాపాడారా అన్నది ఆ అంకెలో ఉండదు. హైదరాబాద్ శివార్లలోని అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. నగర ప్రాంతంలోని ఒక చెరువుకు ఈ హోదా రావడం దేశంలో అదే మొదటిసారి. ఆ తర్వాత కూడా అక్కడి ఆక్రమణలు, మురుగునీటి గురించి వార్తలు ఆగలేదు.

ఫ్లైట్ టైమ్ అయిందని వెళ్లిపోయారు

మూడో ప్రయత్నంలోనైనా గడువులు నిలబడ్డాయా? కాలీ సదస్సు ముగిసేసరికి 196లో 44 దేశాలే పూర్తి ప్రణాళిక ఇచ్చాయి. జాతీయ లక్ష్యాలు మాత్రం పంపినవి 119. మిగతావాటి నుంచి అప్పటికి రెండూ లేవు.

సదస్సు ముగిసిన తీరు ఇంకో కథ. 2024 నవంబర్ మొదట్లో చివరి రాత్రి చర్చలు తెల్లారేదాకా సాగాయి. ఇంటికి వెళ్లే విమానాల టైమ్ అవుతోందని ప్రతినిధులు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. ఓటు వేయడానికో, నిర్ణయం తీసుకోవడానికో ఉండాల్సిన కోరం లేకుండా పోయింది. నిధుల వ్యూహంతో పాటు కొలతల విధానంపై తుది నిర్ణయం కూడా అక్కడే ఆగిపోయింది. ముందే కొలబద్ద పెట్టుకున్నామన్న గొప్ప అలా కొన్ని నెలలు సగంలో నిలిచింది. 2025 ఫిబ్రవరి 25 నుంచి 27 వరకు రోమ్‌లో మళ్లీ కూర్చుని ఆ రెండింటినీ ఆమోదించారు. నివేదికలు ఇవ్వాల్సిన గడువుకు అప్పటికి సరిగ్గా ఏడాది మిగిలింది.

ఆలస్యానికి దేశాలన్నీ ఒకేలా కారణం కాదు. డేటా సేకరించడానికి శాస్త్రవేత్తలు, డబ్బు, మ్యాపులు కావాలి. చిన్న దేశాలకు అవి లేవు. ప్రపంచ పర్యావరణ నిధి నుంచి సాయం అందాలి, అది అందడంలోనే నెలలు గడుస్తాయి. తమ దగ్గర జీవవైవిధ్యం ఎక్కువున్న దేశాలకే కొలిచే స్తోమత తక్కువ ఉండటం ఈ మొత్తం వ్యవహారంలో కనిపించే విడ్డూరం.

చేయకపోతే శిక్ష ఉందా?

సూటిగా చెప్పాలంటే లేదు. 2022 నిర్ణయంలోనే ఇది రాసి ఉంది. సమీక్ష సాయపడేలా ఉండాలి, దేశాల వ్యవహారాల్లో చొరబడకూడదు, శిక్షించేలా ఉండకూడదు, సార్వభౌమత్వాన్ని గౌరవించాలి. కాప్-17లో జరిగే ప్రపంచ సమీక్ష కూడా అన్ని దేశాలూ కలిసి ఎంత దూరం వచ్చాయన్నదే చూస్తుంది. ఫలానా దేశం ఫెయిల్ అని వేలెత్తి చూపదు. సమీక్ష ఫలితాన్ని బట్టి దేశాలు తమ ప్రణాళికలను మార్చుకోవచ్చు. గమనించండి, 'మార్చుకోవాలి' కాదు, 'మార్చుకోవచ్చు'. ఆ ఒక్క అక్షరాల తేడా కోసం రాత్రుళ్లు చర్చలు జరుగుతాయి.

దీన్ని సైట్స్ ఒప్పందంతో పోల్చి చూడొచ్చు. అంతరించే ప్రమాదమున్న జంతువులు, మొక్కల వ్యాపారంపై ఉన్న ఒప్పందం అది. నియమాలు పాటించని దేశంతో ఆ వ్యాపారం ఆపేయాలని మిగతా దేశాలకు సిఫార్సు చేసే అధికారం దానికుంది. ఎర్రచందనం లాంటివి ఎగుమతి చేయాలన్నా ఆ నియమాలు చూడాల్సిందే. జీవవైవిధ్య ఒడంబడికకు అలాంటి పట్టు లేదు. వ్యాపారం ఆపినట్టు అడవిని, గడ్డినేలను ఆపి పట్టుకోలేరు మరి.

శిక్ష లేనప్పుడు మిగిలేది సిగ్గు, పోలిక. దేశాలు తమంతట తాముగా ముందుకొస్తే ఇతర దేశాల నిపుణులు వచ్చి వాళ్ల ప్రణాళికను చూసి సలహాలిచ్చే ఏర్పాటు ఉంది. అది స్వచ్ఛందం. ఇంకో బలమైన సాధనం మరింత మామూలుది. దేశాలు పంపే ప్రణాళికలు, లక్ష్యాలు, నివేదికలు అన్నీ ఒడంబడిక ఆన్‌లైన్ వేదికలో ఎవరైనా చూసేలా ఉంటాయి. అందరిదీ ఒకే నమూనా కాబట్టి పక్కపక్కన పెట్టి పోల్చొచ్చు. ఏ టార్గెట్‌కు ఒక దేశం 'అనుకున్నట్టే సాగుతోంది' అని రాసుకుందో, దాని కింద ఏ ఆధారం చూపిందో చదవొచ్చు. సొంతంగా వేసుకున్న మార్కులైనా, ఆన్సర్ షీట్ బయట ఉంది.

2019లో ఐరాస అనుబంధ శాస్త్రవేత్తల బృందం ఐపీబీఈఎస్ దాదాపు 10 లక్షల జాతులు అంతరించే ముప్పులో ఉన్నాయని చెప్పింది. ఆ లెక్క వచ్చిన మరుసటి ఏడాదే ఐచి లక్ష్యాల గడువు ముగిసింది.

ముందున్న తేదీలు

మొదటి ప్రపంచ సమీక్షకు వేదిక ఆర్మేనియా రాజధాని యెరెవాన్. 2026 అక్టోబర్‌లో అక్కడ కాప్-17. ఫిబ్రవరి 28 గడువుతో దేశాలు ఇచ్చే ఏడో జాతీయ నివేదికలే ఆ సమీక్షకు ముడిసరుకు. రాని నివేదికల చోట ఖాళీలే ఉంటాయి. ఆ తర్వాతి నివేదికకు 2029 జూన్ 30 గడువు. 2030లో కాప్-19లో తుది లెక్క.

అప్పటికి హైదరాబాద్ సదస్సు జరిగి 18 ఏళ్లు అవుతుంది. రోళ్లపాడు అభయారణ్యానికి 42 ఏళ్లు నిండుతాయి. 30 శాతం లెక్కలో దాని 614 హెక్టార్లు తప్పకుండా ఉంటాయి. బట్టమేక పిట్టల సంఖ్య పక్క కాలమ్‌లో రాయాలి.